అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్రసార హక్కులు: కేబుల్ చానల్ ఎవరిని, ఎలా అడగాలి?

ముందే ఒక మాట. ఈ హక్కులకు ఫారం, చలానా, కౌంటర్ లాంటివి ఏవీ లేవు. మ్యాచ్ చూపించడానికి కేబుల్ చానల్ ఎఫ్‌సీసీ (అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. హక్కు ఎవరి చేతిలో ఉందో వాళ్లతో ఒప్పందం కుదుర్చుకోవాలి, అంతే. ఆ హక్కుదారు ఎవరో కనుక్కోవడంలోనే చాలామంది పొరబడతారు.

కాలేజీ ఆటలను నడిపించే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏకి రాస్తే సరిపోతుందని అనుకోవద్దు. 1984 వరకు అది నిజమే. ఏ కాలేజీ ఎన్నిసార్లు టీవీలో కనబడాలో కూడా ఆ సంస్థే తేల్చేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. ఎన్‌సీఏఏ పెత్తనం పోటీ చట్టానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 7-2తో తీర్పిచ్చింది. అప్పటినుంచి హక్కులు కాలేజీలవే అయినా, ఎక్కువ కాలేజీలు వాటిని తాము చేరిన కాన్ఫరెన్స్‌కి, అంటే కలిసి ఆడే కాలేజీల కూటమికి, రాసిచ్చేస్తాయి. నోటర్‌డామ్ లాంటి స్వతంత్ర జట్టు మాత్రం 1991 నుంచి సొంత మైదానంలో ఆడే మ్యాచ్‌లను నేరుగా ఎన్‌బీసీ చానల్‌కి ఇస్తోంది.

ఇంకో ముఖ్యమైన సంగతి: మామూలుగా ఆట ఎవరి మైదానంలో జరిగితే వాళ్ల కాన్ఫరెన్స్‌దే హక్కు. 2025 ఆగస్టు 30న టెక్సస్ వెళ్లి ఓహయో స్టేట్‌తో ఆడింది. టెక్సస్‌ది ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్ అయినా, మైదానం బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లోని ఓహయో స్టేట్‌ది కాబట్టి ఆ మ్యాచ్ బిగ్ టెన్ హక్కులున్న ఫాక్స్‌లో వచ్చింది.

ఒప్పందాలు ఏళ్ల తరబడి నడుస్తాయి. బిగ్ టెన్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో కుదుర్చుకున్నది ఏడేళ్లది, విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటే. గడువు దగ్గరపడినప్పుడు ముందుగా బేరమాడే అవకాశం సాధారణంగా పాత చానల్‌కే ఉంటుంది. అందుకని చాలా ముందునుంచే కాన్ఫరెన్స్‌ని నడిపే కమిషనర్ ఆఫీసుతో మాట కలపాలి. మీ చానల్ ఎన్ని ఇళ్లకు చేరుతుంది, ఏడాదికి ఎంత ఇస్తారు, శనివారం ఏ వేళ కేటాయిస్తారు, కెమెరాలు, కామెంటరీ ఖర్చు ఎవరిది అన్నవి ప్రతిపాదనలో స్పష్టంగా రాయండి. చివరికి ఒప్పుకోవాల్సింది యూనివర్సిటీల ప్రెసిడెంట్లు. డబ్బు ఎంత చూస్తారో, తమ జట్టు ఎన్ని ఇళ్లలో కనబడుతుందో కూడా వాళ్లు అంతే చూస్తారు.

పెద్ద చానళ్లతో వేలంలో నిలవలేకపోతే సబ్‌లైసెన్స్ అడగండి. నా దృష్టిలో కొత్త చానల్‌కి నిజంగా తెరుచుకునే తలుపు ఇదే. హక్కులు కొన్న చానల్ తన దగ్గరున్న మ్యాచ్‌లలో కొన్నింటిని ఇంకొకరికి ఇస్తుంది. టీఎన్‌టీ చానల్ అలాగే ఈఎస్‌పీఎన్ నుంచి ప్లేఆఫ్ (సీజన్ చివర్లో ఛాంపియన్‌ని తేల్చే పోటీ) మ్యాచ్‌లు తీసుకుని, 2024 డిసెంబర్ 21న రెండు చూపించింది. ఇక్కడ ధర కన్నా ముందు అడగాల్సింది, మ్యాచ్‌ల ఎంపికలో మీ వంతు ఎన్నోది అని. మొదటి వంతులన్నీ వాళ్లే ఉంచుకుంటే మీకు మిగిలేది ఎవరికీ పట్టని ఆటలే.

సంతకాలయ్యాక కూడా టెన్షన్ తప్పదు. చాలా మ్యాచ్‌ల వేళలు 12 రోజుల ముందో, ఒక్కోసారి 6 రోజుల ముందో గానీ తేలవు. ఈలోగా కేబుల్ కంపెనీలతో ఒప్పందం పూర్తి చేసుకోండి. బిగ్ టెన్ మ్యాచ్‌ల కోసం పెట్టిన కేబుల్ చానల్ బిగ్ టెన్ నెట్‌వర్క్ 2007 ఆగస్టులో మొదలైంది. రెండు రోజులకే అపలాచియన్ స్టేట్ వెళ్లి మిషిగన్‌ని 34-32తో ఓడించిన మ్యాచ్ ఆ చానల్‌లోనే వచ్చింది. పెద్ద కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్‌తో మాత్రం ఒప్పందం 2008 జూన్‌కి గానీ కుదరలేదు. దాంతో ఎన్నో ఇళ్లలో ఆ ఆటను లైవ్‌లో చూడలేకపోయారు.