ప్లే చూడకుండా అలైన్‌మెంట్ చేయించొద్దు: వానలకు ముందు పాత కారు జాగ్రత్తలు

మా బంధువుల కారు ముందు టైరు ఈ మధ్య పరుగులో ఉండగానే పేలింది. వేగం తక్కువగా ఉంది కాబట్టి మనుషులు క్షేమం. ఆ టైర్లు వేయించి కొన్ని నెలలే అయింది, అప్పుడే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కూడా చేయించారు. విప్పి చూస్తే టైరు బయటి సగం ఇంకా కొత్తదిలాగే ఉంది, లోపలి అంచున మాత్రం రబ్బరంతా పోయి తీగలు తేలాయి. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే కడ్డీ, అంటే లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ వదులై ఉంది. దాన్ని ఎవరూ పట్టి చూడలేదు. అలైన్‌మెంట్ మెషిన్ మీద అంకెలన్నీ పచ్చగా (అంటే హద్దులోనే) వచ్చాయి కదా అని కారు ఇచ్చేశారు.

గాలి కొట్టించుకోండి, స్టెప్నీ పెట్టుకోండి లాంటివి ఇక్కడ రాయను. పాత కారు నడిపేవాళ్లకు అవి తెలుసు. తెలిసినవాళ్లు కూడా చేసే తప్పు ఒకటుంది. కారు ఒక పక్కకు లాగినా, టైరు ఒక అంచునే అరిగినా నేరుగా అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లడం. అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర చేయించాల్సిన పని. జాయింట్లలో ప్లే, అంటే వదులై ఊగే ఆట, ఉన్నంతకాలం దానికి పెట్టిన డబ్బు వృథా.

ఎందుకంటే మెషిన్ కొలిచేది నిలబెట్టిన కారును. వదులైన జాయింట్ అప్పుడు ఎక్కడో ఒకచోట కుదురుగా ఉంటుంది, కొలత బాగానే వస్తుంది. రోడ్డెక్కి బ్రేకు వేసినా, గుంతలో పడినా అది పక్కకు జరుగుతుంది. దాంతో టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోయి టైరు దొర్లాల్సింది పోయి ఈడ్చుకుంటూ వెళుతుంది. పొడి రోడ్డు మీద రబ్బరు అరిగి ఊరుకుంటుంది, తడి రోడ్డు మీద పట్టే తప్పుతుంది.

ముందు టైరు చూడండి

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి వేసి లోపలి అంచు చూడండి. నిలబడి చూస్తే కనిపించేది బయటి అంచు ఒక్కటే, చాలామంది మోసపోయేది అక్కడే. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే నున్నగా అరిగితే క్యాంబరో (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం) టోనో తేడా ఉంది. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లను, బేరింగ్‌ను, బ్యాలెన్సింగ్‌ను అనుమానించాలి.

తర్వాత అరచెయ్యి ట్రెడ్ మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి మెల్లగా రాయండి. ఒకవైపు నున్నగా జారి, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్లలా గరుకుగా తగిలితే టో తప్పిందన్నమాట. ఇది కంటికి ఆనదు, చేతికే తెలుస్తుంది. తీగలు తేలిన టైరు మీద మాత్రం చెయ్యి పెట్టకండి, చీరుకుపోతుంది.

ట్రెడ్ గాడుల్లో ఉండే చిన్న దిమ్మెలు 1.6 మి.మీ. లోతును సూచిస్తాయి. నీటిని చిమ్మే బలం అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. వానాకాలం ముందు నేనైతే 3 మి.మీ. దగ్గరే మార్చేస్తాను.

తర్వాత ప్లే

చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకు అడ్డం. ముందు చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగో బాల్ జాయింటో వదులైంది. కార్లో ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనండి. ఊపు ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. తర్వాత కుడి ఎడమలు పట్టుకుని ఊపండి. ఈ వైపు మాత్రమే టక్కుమంటే టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ) ఎండో, లోపల ర్యాక్ (స్టీరింగ్ పెట్టె) దగ్గరి జాయింటో పోయింది.

చక్రం గాల్లో వేలాడుతుంటే కొన్ని జాయింట్లు ప్లే చూపించవు. అందుకే కారు కిందికి దించాక మళ్లీ చూడాలి. ఇంజిన్ ఆపేసి, స్టీరింగ్ లాక్ తీసి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు చక్రం పక్క సందులోంచి టై రాడ్ ఎండ్‌ను చూడాలి. కడ్డీ కదిలి, చక్రం ఒక్క క్షణం ఆలస్యంగా కదిలితే దాన్ని మార్చాల్సిందే. రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి వస్తుంటే ప్లే లేకపోయినా మార్చండి. వాన నీళ్లు, ఇసుక లోపలికి వెళ్లాక అది ఎక్కువకాలం నిలవదు.

ఇక మిగతావి వరసగా:

- కారు లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి నడపండి. లాగే వైపు మారితే తప్పు టైరుది. బాణం గుర్తున్న టైర్లను ఇలా మార్చకూడదు.
- బ్రేకు తొక్కినప్పుడే లాగితే క్యాలిపర్లు (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగాలు) చూపించండి.
- 80, 100 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణికితే ముందు బ్యాలెన్సింగ్ చూపించండి. వణుకు అలైన్‌మెంట్‌తో పోదు.
- టై రాడ్ ప్లేను దాచడానికి ర్యాక్ స్క్రూ బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. అతిగా బిగిస్తే తిప్పిన స్టీరింగ్ తిరిగి రాదు.
- బాల్ జాయింట్‌కు వెల్డింగ్ వద్దు. వాషర్లు పెట్టి సరిపెట్టడమూ వద్దు.
- టై రాడ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసిన భాగం) ఏది మార్చినా ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పదు.
- ప్లే చూశాకే అలైన్‌మెంట్. కొత్త టైర్లయినా అంతే, ప్లే చూశాకే.
- అలైన్‌మెంట్‌కు ముందు కొలతలు, తర్వాతి కొలతలు రెండూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. చాలా కార్లలో సర్దే వీలు టోకు మాత్రమే ఉంటుంది. క్యాంబర్ ఎర్రగా (హద్దు దాటి) వచ్చిందంటే చాలావరకు ఏదో వంగింది, లేదా బుష్ (జాయింట్లలోని రబ్బరు) పోయింది. "ఏం కాదు సార్, నడుస్తుంది" అంటే కారు తీసుకుని వచ్చేయండి.
- రెండే కొత్త టైర్లు కొంటే వెనక వేయించండి. తడిలో వెనక చక్రాలు జారితే కారు గిరుక్కున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని ఆపలేడు.
- టైరు పక్క ఉబ్బిందా, ఇవాళే తీసేయండి.
- టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం. అంత పాత టైరుకు ట్రెడ్ ఎంతుందన్న లెక్క అనవసరం.
- జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండు పెట్టండి.
- మలుపులో కటక్కుమంటూ స్టీరింగ్ వదులుగా అనిపిస్తే మెకానిక్ దగ్గరికి కూడా నడుపుకుంటూ వెళ్లొద్దు. టోయింగ్ బండి పిలవండి.
- చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించండి.