పెట్ట తూలుతోందా? టానిక్ కంటే ముందు మేత సంగతి చూడండి

సమస్య: నిన్నటిదాకా ఇల్లంతా తిరిగిన పెట్ట ఇవాళ తూలుతా నడుస్తుంది. రెండడుగులు వేసి కూలబడుతుంది, రెక్కలు నేలకు ఆనించి లేవాలని చూస్తుంది. కొన్నిటికి మెడ వెనక్కి విరుచుకుపోయి ముక్కు ఆకాశానికి ఎత్తినట్టు ఉంటుంది.

మా నెల్లూరు వైపున, ఒంగోలు వైపున ఇది చూడగానే అందరి నోటా వచ్చే మాట ఒకటే: "కొక్కెర తెగులు వచ్చేసిందన్నా." ఆ మాట మీద కోసేసిన పెట్టలు నాకు తెలిసి చాలా ఉన్నాయి. అందులో కొన్నయినా మూడు రోజుల్లో లేచి తిరగాల్సినవి. అందుకే ఓపిగ్గా వరసన చూడమని అడుగుతున్నాను.

మొదట పెట్టను ఒళ్లోకి తీసుకుని వెల్లకిలా తిప్పి పాదాలు చూడండి. ఎంత చెప్పినా జనం చేయని పని ఇదే. ఫోనులో వీడియో తీసి పంపుతారు గానీ కాలు ఎత్తి చూడరు. తీరం ఊళ్లలో వల దారం, టౌనులో తల వెంట్రుకలు, గాలిపటం దారం వేళ్లకు చుట్టుకుని లోపలికి దిగిపోతాయి. వేలు ఉబ్బి నల్లబడుతుంది, కోడి ఆ కాలు మోపలేక పక్కకు ఒరుగుతుంది. సన్న కత్తెరతో దారం తెంచి, పసుపు నీళ్లతో కడిగితే చాలావరకు కుదురుకుంటుంది. అరికాల్లో నల్లటి పెచ్చు కట్టిన గట్టి గడ్డ ఉంటే అది పుండు, దాని వైద్యం వేరు.

తర్వాత తోక కింద, పొట్ట అడుగున చేత్తో తడమండి. గుడ్డు ఇరుక్కున్న పెట్ట తోక కిందికి వాల్చి, నిటారుగా నిలబడి, ముక్కుతూ అడుగులేస్తుంది. గోరువెచ్చటి నీళ్ల టబ్బులో పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. ఆ రోజే గుడ్డు దిగకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

ఈ రెండూ కాదని తేలాకే రోగాల లెక్క.

కొక్కెర తెగులయితే (రాణిఖెత్ అనేదీ ఇదే) మెడ ఒక పక్కకు మెలి తిరుగుతుంది. కోడి గుండ్రంగా తిరుగుతుంది, వెనక్కి నడుస్తుంది. ఆకుపచ్చ రెట్ట, గురక, ఒకటి తర్వాత ఒకటి పడిపోవడం ఉంటాయి. టీకా పడని మందలో ఇలా కనిపిస్తే ముందు దీన్నే అనుమానించాలి. దీనికి మందు లేదు, టీకాలే దారి: మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి సూది. బతికి బయటపడ్డ కోడికి మెడ వంకర మిగిలిపోవచ్చు. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి పడుకున్న ఎదిగే పిల్లను చూస్తే మారెక్స్ అనే వైరస్ జబ్బు అనుకోండి, దానికీ మందు లేదు. నోట్లోంచి చొంగ కారుతూ, కంటిపాప సూదిమొనంత అయిపోయి, గంటల్లోనే పడిపోతే పురుగుమందు. మందు పట్టించిన విత్తనమో, మళ్లో చల్లిన గుళికలో తిని ఉంటుంది. ఆలోచించకుండా పశువుల ఆసుపత్రికి పరిగెత్తండి.

ఒకేసారి నాలుగైదు కోళ్లు చచ్చిపోతే మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటప్పుడు వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన కారణానికి వస్తాను. పెట్ట ఒక్కటే, టీకాలు పడ్డాయి, జ్వరం లేదు, రెట్టలో పచ్చదనం లేదు, గాయం లేదు. ఇంట్లో పిల్లలతో సమానంగా పెంచుకుంటున్నారు. అయినా తూలుతోంది. ఏం పెడుతున్నారని అడిగితే "అన్నీ తింటాదన్నా" అంటారు. ఆ "అన్నీ" ఏమిటో ఒక్కొక్కటీ చెప్పమని పట్టుబడితే తేలేది ఇది: పొద్దున సద్దన్నం, మధ్యాహ్నం నూకలు, సాయంత్రం మళ్లీ అన్నం. అంతా బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యమే.

బియ్యంలో బి1 విటమిన్, అంటే థయమిన్, చాలావరకు ఉండేది పైపొరలోనూ మొలక ముక్కులోనూ. మిల్లులో ఆ రెండూ తవుడులోకి పోతాయి. మిగిలిన కాస్తా నాలుగుసార్లు కడిగి, గంజి వారిస్తే ఆ నీళ్లతో పోతుంది. పిండి పదార్థాన్ని ఒళ్లు శక్తిగా మార్చుకోవడానికి బి1 కావాలి. అన్నం ఎంత ఎక్కువ పెడితే ఆ అవసరం అంత పెరుగుతుంది, దొరికేది మాత్రం దాదాపు సున్నా. పెద్ద పెట్టలో ఇది బయటపడటానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకే నిన్న ఏం తిన్నదని అడిగితే సమాధానం దొరకదు.

దొడ్లో తిరిగే కోడికి ఈ బాధ తక్కువ. పేడకుప్ప గెలికి, వడ్లు ఏరుకుని, పురుగూ ఆకూ తిని తన లోటు తనే పూడ్చుకుంటుంది. కనిగిరి, పొదిలి మెట్ట ఊళ్లలో సజ్జలు, జొన్నలు తినే కోళ్లలో నేను దీన్ని చూసింది అరుదు. మిద్దె మీద సిమెంటు గచ్చుపైన ముద్దుగా పెరిగే పెట్టకే ఎక్కువగా వస్తుంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. 1890 ప్రాంతంలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బి1 లోటుతో మనుషులకు వచ్చే బెరిబెరి జబ్బు మీద పని చేస్తుంటే, ప్రయోగశాలలో కోళ్లు ఇలాగే కాళ్లు పడిపోయి తూలాయి. మిలిటరీ ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం వాటికి పెట్టేవాళ్లు. కొత్తగా వచ్చిన వంటవాడు ఆ అన్నం కోళ్లకు ఇవ్వనన్నాడు. మామూలు ముతక బియ్యం పెట్టేసరికి కోళ్లు కోలుకున్నాయి. ఆ దారిన సాగిన పనికే ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది. మన మిద్దె మీద పెట్టది అదే జబ్బు.

దీనికి తోడయ్యేవి ఇంకో రెండున్నాయి. ఒకటి పచ్చి చేపల తుక్కు. కొన్ని రకాల చేపల్లో బి1ను విరగ్గొట్టే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. తలకాయలూ పేగులూ పెట్టదలిస్తే ఉడకబెట్టి పెట్టండి. రెండోది ఎవరూ అనుమానించరు: రక్తపారుడుకు నీళ్లలో కలిపే ఆంప్రోలియం. ఆ మందు పనిచేసేదే బి1 రూపంలో కనిపించి, ఆ రోగం తెచ్చే పరాన్నజీవిని మోసగించడం వల్ల. చెప్పిన రోజులు దాటి ఇచ్చినా, మోతాదు పెంచినా కోడికే బి1 కొరత వస్తుంది. కాబట్టి మేత గురించి అడిగేటప్పుడు "నెలలో నీళ్లలో ఏం కలిపారు?" అనీ అడగాలి.

గుర్తుపట్టడం ఇలా. మొదట మేత తగ్గుతుంది, మందకొడిగా ఉంటుంది. తర్వాత కాలి వేళ్లు పట్టు తప్పుతాయి, పైకి పాకి కాళ్లు, రెక్కలు, మెడ. చివరికి కాళ్లు మడుచుకుని కూర్చుని తల వెనక్కి వాలుస్తుంది. మెడ పక్కకు మెలి తిరగడం కంటే వెనక్కి పోవడమే ఇక్కడ ముఖ్యమైన గుర్తు.

పరిష్కారం: తవుడు పెడితే చాలనుకోవద్దు. ఈ దశలో కోడికి ఆకలే ఉండదు, ముందర పెట్టింది ముట్టదు. బి1 నేరుగా నోట్లోకి వెళ్లాలి. మందుల షాపులో దొరికే 100 మి.గ్రా. బి1 మాత్రలో పావు ముక్క పొడి చేసి, కాసిని నీళ్లలో కలిపి, పెద్ద పెట్టకు రోజుకు రెండుసార్లు. పిల్లకు ఇంకా తగ్గించాలి, డాక్టరును అడగండి. తల వెనక్కి విరిగి ఉన్నప్పుడు నోరు తెరిచి పోయకండి. నాలుక వెనకాలే గాలిగొట్టం సందు తెరుచుకుని ఉంటుంది, నీళ్లు అందులోకి పోతే చచ్చిపోతుంది. తలను చేత్తో మామూలు ఎత్తుకు తెచ్చి పట్టుకుని, ముక్కు పక్కన ఒక్కో చుక్క వదలండి, మింగాక ఇంకోటి. మింగలేకపోతే సూది వేయించాలి.

ఇంట్లో ఉన్న చుక్కల టానిక్ ఇచ్చామని చాలామంది అంటారు. సీసా తిప్పి చదవండి. ఎ, డి3, ఇ, బి12 మాత్రమే రాసి ఉంటే ఈ జబ్బుకు అది పనికిరాదు. బి1 అనో థయమిన్ అనో ఉండి తీరాలి. రక్తపారుడు మందు ఇంకా నడుస్తుంటే అదీ బి1 ఒకదాన్నొకటి చెడగొడతాయి. దాన్ని ఆపి, వేరే మందు రాయమని డాక్టరుకు చెప్పండి.

ఇది బి1 కొరతే అయితే గంటల్లో మార్పు తెలుస్తుంది. ఉదయం ఇస్తే సాయంత్రానికి తల కిందికి దిగుతుంది, మర్నాటికి గింజ పొడవడానికి చూస్తుంది. రెండు రోజులైనా ఏ మార్పూ లేకపోతే కారణం వేరే ఉన్నట్టే. చెవిలో చీము, తలకు దెబ్బ, సీసం మింగడం లాంటివి అరుదు, వాటిని డాక్టరుకు వదిలేయండి. ఊళ్లోకి పశువైద్య వాహనం రావాలంటే 1962కి ఫోన్ చేయండి.

లేచేదాకా గంపలో గోతం పరిచి, రెండు పక్కలా చుట్టిన గుడ్డ ఆనించి, నీడన వేరుగా ఉంచండి. మిగతా కోళ్లు పడిపోయిన దాన్ని పొడుస్తాయి. నీళ్ల గిన్నె లోతు లేనిది పెట్టండి, తల వాలి మునిగిపోగలదు.

తినడం మొదలయ్యాక నూకలు తీసేసి వడ్లు పెట్టండి. పొట్టుతో సహా తింటుంది కాబట్టి తవుడు అందులోనే ఉంటుంది. అన్నమే పెట్టాలంటే గుప్పెడు తవుడు కలపండి. మిల్లు నుంచి కొద్దికొద్దిగా తెచ్చుకోండి, కమురు వాసన కొట్టేది వద్దు. సజ్జలు, నానబెట్టిన పెసలు, కోసిన ఆకుకూర తోడు చేస్తే ఇంకా మంచిది. కోలుకుంది గదా అని మళ్లీ సద్దన్నానికే దిగితే నెల తిరక్కముందే అదే తూలు మళ్లీ వస్తుంది.