ఇంటి పాటల పెన్‌డ్రైవ్, 4వ పాఠం: ముందు ఆ ప్రశ్నార్థకాల సంగతి, తర్వాతే ప్లేలిస్టు

ఈ వారం ప్లేలిస్టు చెప్తానన్నాను, చెప్తాను కూడా. కానీ పోయిన పాఠం చూసి ట్యాగులు (పాట ఫైలు లోపల రాసుకునే పాట పేరు, పాడినవాళ్ల పేరు లాంటివి) కొట్టినవాళ్లలో చాలామందిది ఒకటే గోల. అమ్మమ్మ పాడిన మంగళహారతికి పేరు తెలుగులో పెట్టాం, కంప్యూటర్లో బాగానే ఉంది, కారులో పెడితే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి అని. కొందరికి అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు. ఇంకొందరికి ఫ్రెంచిలాంటిదేదో. ఇవి మూడూ వేరు వేరు జబ్బులు, అన్నిటికీ ఒకే మందు వేయకండి.

డబ్బాలు వస్తే మీ ఫైలు శుభ్రంగా ఉన్నట్టే, స్టీరియోలో తెలుగు ఫాంటు లేదు, అంతే. దాని జోలికి వెళ్లకండి.

నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ అదే వరస కనిపిస్తోందా? యూటీఎఫ్-8లో (అక్షరాలని కంప్యూటర్ బైట్లుగా రాసుకునే ఒక పద్ధతి) మన ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి. స్టీరియో వాటిని విడగొట్టి మూడు లాటిన్ అక్షరాలుగా చదువుతోంది. ట్యాగులు కొట్టే ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాములో ఆప్షన్స్, ట్యాగ్స్, ఎంపెగ్ తెరిచి, ఐడీ3 (ఎంపీ3 ఫైల్లో ట్యాగు రాసే పద్ధతి) వెర్షన్ 2.4 యూటీఎఫ్-8 అని ఉంటే 2.3 యూటీఎఫ్-16కి మార్చి, పాటలన్నీ సెలెక్ట్ చేసి మళ్లీ సేవ్ కొట్టండి. 2.4 వచ్చింది 2000లోనే అయినా దాన్ని సరిగ్గా చదవని పెట్టెలు ఇంకా తిరుగుతున్నాయి, అందుకే నేను 2.3 దాటి పోను.

ఇక ప్రశ్నార్థకాలు. కంప్యూటర్లో కూడా అవే కనిపిస్తే అక్షరాలు పోయినట్టే, తిరిగి రావు, మళ్లీ టైపు చేసుకోవాల్సిందే (సెట్టింగు ఐఎస్ఓ-8859-1 అనే లాటిన్ అక్షరాల పద్ధతిలో ఉండి ఉంటుంది, అందులో తెలుగుకి చోటే లేదు). కంప్యూటర్లో తెలుగు బాగుండి కారులో మాత్రమే వస్తుంటే చాలాసార్లు కారణం, ఆ స్టీరియో 1996 నాటి పాత ట్యాగు, అంటే ఐడీ3వీ1, చదవడం. అది ఫైలు చివర్న 128 బైట్ల ముక్క, పాట పేరుకి అందులో 30 బైట్లే. ఆ పాత ముక్కని తీసేయండి. అదే ఆప్షన్స్ పేజీలో రైట్ కింద ఐడీ3వీ1 టిక్కు తీసేసి, రిమూవ్ కింద ఐడీ3వీ1 ఒక్కదానికే టిక్కు పెట్టి, పాటలు సెలెక్ట్ చేసి రిమూవ్ ట్యాగ్ నొక్కండి. ఐడీ3వీ2కి (మీ కొత్త ట్యాగు అదే) కూడా టిక్కు ఉందో, మీరు కష్టపడి కొట్టిందంతా ఊడ్చుకుపోతుంది. అసలు ఫైళ్ల మీద కాదు, వాటి కాపీల మీదే చేయండి. అప్పుడు కూడా కొత్త ట్యాగు చదవలేని స్టీరియో ఫైలు పేరు చూపిస్తుంది. నేనైతే ఫైలు పేరు ఎప్పుడూ ఇంగ్లిషు అక్షరాల్లోనే, ముందు 01, 02 అని అంకె వేసి పెడతాను. తెలుగు ట్యాగులో ఉంటే చాలు.

ప్లేలిస్టు సంగతి. అది మామూలు టెక్స్టు ఫైలు. నోట్‌ప్యాడ్ తెరిచి లైనుకొక పాట ఫైలు పేరు రాసి, పేరు చివర ఎం3యూ8 (.m3u8) అనే ఎక్స్‌టెన్షన్‌తో, యూటీఎఫ్-8లో సేవ్ చేయడమే.

ఇందులో నాకు ఒళ్లు మండే పని ఒకటుంది. కంప్యూటర్లో పాట మీద రైట్ క్లిక్ కొట్టి ‘కాపీ యాజ్ పాత్’ అని తెచ్చి అతికిస్తారు. అప్పుడు లైను ‘D:\Paatalu\Ammamma\01-Laali.mp3’ అని వస్తుంది, పైగా చుట్టూ కొటేషన్ గుర్తులు. మీ కంప్యూటర్లో కొటేషన్లు తీసేస్తే పాడుతుంది, మీకు సంబరం. అదే పెన్‌డ్రైవు చెల్లి వాళ్లింట్లో ‘E’ డ్రైవో ‘F’ డ్రైవో అవుతుంది, ఫోనుకైతే డ్రైవు అక్షరమే ఉండదు. ప్లేయరు డి డ్రైవు కోసం వెతికి వెతికి చేతులెత్తేస్తుంది. ‘ఫైలు పాడైపోయింది, మళ్లీ పంపు’ అని ఫోను వస్తుంది, మీరు మళ్లీ అదే పంపుతారు. లైన్లో ఉండాల్సింది ‘01-Laali.mp3’, అంతవరకే. ప్లేలిస్టు ఫైలు ఆ పాటలున్న ఫోల్డర్లోనే ఉండాలి. పాటలు లోపలి ఫోల్డర్లో ఉంటే ‘Haaratulu/03-Mangalam.mp3’ అని రాయండి, గీత ముందుకి వాలినదే వాడండి, వెనక్కి వాలింది ఫోనుల్లో పనిచేయకపోవచ్చు. ఫైలు పేరు మారిస్తే ప్లేలిస్టులోనూ మార్చాలి, దానంతట అది మారదు.

కొన్ని స్టీరియోలు ప్లేలిస్టుని అసలు పట్టించుకోవు, పెన్‌డ్రైవులోకి ఏ వరసలో కాపీ అయ్యాయో ఆ వరసలోనే పాడతాయి. పేరు ముందు అంకెలున్నాయిగా, ఆ వరసలోనే ఒక్కొక్కటిగా కాపీ చేయండి. పెన్‌డ్రైవు ఫ్యాట్32లో (ఫార్మాట్ చేసేటప్పుడు ఎంచుకునే పద్ధతి) ఉంటే మంచిది. వాట్సాప్‌లో పంపాలంటే ఫోల్డరు మొత్తం జిప్ చేసి డాక్యుమెంటుగా పంపండి. ఒక్కొక్క పాటా ఆడియోగా పంపితే ఆండ్రాయిడ్‌లో అవతలివాళ్ల దగ్గర పేర్లు తేదీలతో మారిపోతాయి, మీ ప్లేలిస్టు ఇక దేన్నీ వెతుక్కోలేదు.

అభ్యాసం: పన్నెండు పాటలు, అందులో కనీసం నాలుగు లోపలి ఫోల్డర్లో. ప్లేలిస్టు చేతితోనే రాయండి. పెన్‌డ్రైవు మీది కాని కంప్యూటర్లో, మీది కాని కారులో, ఒక ఫోనులో పెట్టి చూడండి. మూడుచోట్లా వరస తప్పకుండా పాడాకే 5వ పాఠం తెరవండి, అందులో పాటకి ఫొటో అతికించడం ఉంది.