టెంప్రానిల్లో సీసా ఇంటికొస్తే ఏటి చెయ్యాలి

గల్ఫ్ నుంచి బావ ఎవరో తెచ్చిన స్పెయిన్ రెడ్ వైన్ బీరువాలో పడుందా? లేబుల్ మీద రియోహా (స్పెయిన్‌లో వైన్ చేసే ఓ ప్రాంతం) అనుంటే అందులో ఎక్కువగా ఉండేది టెంప్రానిల్లో అనే ద్రాక్షే, రిబెరా దెల్ డువేరో అని ఇంకో ప్రాంతం పేరున్నా అదే, అక్కడ టింటో ఫినో అంటారు, పోర్చుగల్లో టింటా రోరిజ్.

రియోహా అయితే సీసా వెనక చిన్న స్టాంపు చూడండి, కథంతా అక్కడే. క్రియాన్సా అంటే కనీసం 2 ఏళ్లు మగ్గింది, అందులో ఏడాది ఓక్ చెక్క పీపాలో. రిజర్వా 3 ఏళ్లు, గ్రాన్ రిజర్వా 5. మొదటిసారి తాగేవాళ్లకి క్రియాన్సా చాలు, గ్రాన్ రిజర్వాతో మొదలెట్టడం డబ్బులు దండగ అంటాన్నేను.

16–18 డిగ్రీల్లో తాగాలి. రూమ్ టెంపరేచర్ అంటారు గానీ అది మే నెల విజయనగరం రూమ్ కాదండీ బాబూ, కాబట్టి ఫ్రిజ్‌లో గంటో గంటన్నరో పెట్టి తియ్యండి, ఐసు ముక్కలు, సోడా మాత్రం వద్దు.

గ్లాసు మూడోవంతే పొయ్యండి. తెల్ల పంచె మీదకి కాస్త వంచి చూస్తే అంచు ఇటుక రంగులో ఉందనుకోండి, వయసైన వైనన్నమాట, తోలు, పొగాకు వాసనొస్తాది. కుర్ర వైనైతే చెర్రీ, ప్లమ్. అమెరికన్ ఓక్ పీపా అయితే వెనిలా, కొబ్బరి కూడా తగుల్తాయి.

పక్కన మటన్ వేపుడు బాగుంటాది, కానీ మన లెక్కన కారం దట్టిస్తే నోరు ఇంకా మండుతాది, మిరియాలేసి సరిపెట్టండి. మిగిలింది బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడ్రోజులు ఆగుద్ది.