ఆనర్స్ సీటొచ్చిందా? ముందు రెండో పేజీ చదవండి

మా తమ్ముడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్ ఊరి నుంచి ఫోన్ చేసేసరికి ఇక్కడ శ్రీకాకుళంలో పొద్దున్న ఆరవుతుంది. వాళ్లకది ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పోయినేడు ఏప్రిల్ నెలంతా నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఫోను మోగేది. "అప్పా, గుంటకి మూడు యూనివర్సిటీల్లో ఆనర్స్ ఇచ్చారు. మే ఒకటిలోపు ఏదో ఒకటి తేల్చాలి. ఏటి చెయ్యమంటావు?" గుంటంటే వాడి కూతురు, డాక్టరవ్వాలని దాని కోరిక. ఆనర్స్ అంటే యూనివర్సిటీలో గట్టి పిల్లల్ని ఏరి విడిగా నడిపే కార్యక్రమం.

నేను 31 ఏళ్లు బైపీసీ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయ్యాను. అమెరికా రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ చలికి బెంబేలెత్తి వచ్చేశాను. అయినా చదువుల సంగతంటే తమ్ముడికి నా మాటే వేదం. ఆ వేదం అంతకు ఆరేళ్ల కిందట వాడి కొడుకు విషయంలో బోర్లా పడింది. పెద్దోడికి ఒక యూనివర్సిటీ ఆనర్స్ కాలేజీలో సీటూ, దాంతోపాటు స్కాలర్‌షిప్పూ వచ్చాయి. "ఆనర్స్ అంటే మన స్టార్ బ్యాచే కదరా, కళ్లు మూసుకుని చేర్పించు" అన్నాను. చేరాడు. మొదటి సెమిస్టరులోనే ఆనర్స్ కెమిస్ట్రీ, ఆనర్స్ కాలిక్యులస్, ఆపైన సెమినారు. కెమిస్ట్రీలో సీ ప్లస్ వచ్చింది. ఏడాది తిరిగేసరికి జీపీఏ, అంటే గ్రేడుల సగటు, నాలుగుకి 3.2. అక్కడ ఆనర్స్‌లో ఉండాలంటే 3.5 తగ్గకూడదట. స్కాలర్‌షిప్పునీ ఆ అంకెకే ముడేశారట. రెండూ ఒకే ఉత్తరంతో పోయాయి. రెండో ఏడు నుంచి తమ్ముడు పూర్తి ఫీజు కట్టాడు, పిల్లడు డాక్టరు ఆలోచన మానుకుని స్టాటిస్టిక్స్‌కి మారాడు. ఇప్పుడు ఉద్యోగంలో బాగానే ఉన్నాడు, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ షరతు ఆఫర్ లెటర్ రెండో పేజీలోనే ఉంది. నేను మొదటి పేజీ చదివి ఊరుకున్నాను.

అందుకే చిన్నదాని వంతు వచ్చేసరికి పాత అటెండెన్స్ రిజిస్టరు ఒకటి తీసి, పిల్లల పేర్లుండే చోట కాలేజీల పేర్లు, తేదీలుండే చోట ప్రశ్నలు రాసుకున్నాను. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపులో మూడు ఆనర్స్ కాలేజీల నిబంధనలు ప్రింటు తీయిస్తే 64 పేజీలు తేలాయి. "ఏటి మేడం, కోర్టు కేసా?" అన్నాడు షాపు కుర్రాడు.

ముందు స్టార్ బ్యాచ్ సంగతి తేల్చాలి, నా పొరపాటంతా అక్కడే ఉంది. మన దగ్గర ఇంటర్ రెండేళ్లూ మార్కులు కాస్త తగ్గినా చివరికి లెక్కకొచ్చేది నీట్ ఒక్కటే. కాబట్టి గట్టి పిల్లల మధ్య కూర్చోబెడితే లాభం, మధ్యలో వెనకబడినా నష్టం లేదు. అక్కడ అలా కాదు. ప్రీ మెడ్ అనేది డిగ్రీ కాదు, ఒక దారి. ఏ మేజరైనా తీసుకుని నాలుగేళ్ల డిగ్రీ చదువుతూ బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్ ల్యాబులతో సహా, ఎక్కువ చోట్ల బయోకెమిస్ట్రీ కూడా పూర్తి చేయాలి. ఆ తరవాత నాలుగేళ్ల ఎండీ, అక్కడ అది మన ఎంబీబీఎస్ లాంటిది. ఎంక్యాట్ అని ఒక పెద్ద పరీక్ష ఉంది, 472 నుంచి 528 దాకా స్కోరు. కానీ దాని పక్కనే మొదటి సెమిస్టరు నుంచీ వచ్చిన ప్రతి గ్రేడూ నిలబడి ఉంటుంది. ఎండీ సీటు దొరికిన పిల్లల సగటు జీపీఏ 3.8కి దగ్గర, ఎంక్యాట్ 511, 512 ప్రాంతం. ఏటా 50 వేల పైచిలుకు అప్లై చేస్తే సీటొచ్చేది 23 వేల మందికి అటూ ఇటూ. మొదటి ఏడు సీ ప్లస్సుని నాలుగో ఏడు వచ్చిన 'ఏ' గ్రేడు పూడ్చగలదు గానీ చెరపలేదు.

ఇంకోటి. ఎక్కువ ఎండీ కాలేజీలకి దరఖాస్తు వెళ్లేది అమ్‌కాస్ అనే ఉమ్మడి పద్ధతిలో. వాళ్లు గ్రేడులన్నీ తమ కొలతతో మళ్లీ లెక్కేస్తారు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలకి విడిగా ఒక జీపీఏ, మొత్తానికి ఒకటి. ఆనర్స్ కెమిస్ట్రీలో బీ వచ్చినా మామూలు కెమిస్ట్రీలో బీ వచ్చినా అక్కడ మూడే. కష్టమైన క్లాసని అర పాయింటు కూడా కలపరు. ఫెయిలై మళ్లీ చదివినా రెండు గ్రేడులూ లెక్కలోకొస్తాయి. ఈ ముక్క తమ్ముడికి చెప్తే "మరింకెందుకప్పా ఆనర్స్?" అన్నాడు. వాడిదంతే, అయితే నెత్తిన పెట్టుకుంటాడు, లేకపోతే నేలకేసి కొడతాడు. ఆనర్స్ వల్ల పనికొచ్చేవి ఉన్నాయి. అవి పేరులో ఉండవు, నిబంధనల్లో వెతుక్కోవాలి.

నేనైతే తీసేసే షరతుతో మొదలుపెట్టమంటాను. ఎంత జీపీఏ దిగితే ఆనర్స్ పోతుంది? వెంటనే తీసేస్తారా, ఒక సెమిస్టరు గడువిస్తారా? ఆనర్స్ పోతే స్కాలర్‌షిప్పు నిలుస్తుందా? ఈ మూడింటికీ జవాబు రాతలో ఉండాలి. ఫోనులో "డోంట్ వర్రీ" అన్నవాళ్లని ఈమెయిల్ పెట్టమనండి. మా గుంటకి వచ్చిన మూడింటిలో ఒకచోట ఆనర్స్‌కీ స్కాలర్‌షిప్పుకీ సంబంధం లేదు. దాని పక్కన రిజిస్టరులో మొదటి టిక్కు పడింది.

తరవాత ఆనర్స్ క్రెడిట్లు ఎన్ని, వాటిని ఏ సబ్జెక్టుల్లో తెచ్చుకోవచ్చు అన్నది. సైన్సులోనే తేవాలంటే భారం. చరిత్రో, సాహిత్యమో, వైద్య నైతికతో సెమినారుగా తీసుకోవచ్చంటే వరం. ఎంక్యాట్‌లో నాలుగు భాగాల్లో ఒకటి ఉత్త చదివి అర్థం చేసుకునేది, సైన్సు ముక్క ఒక్కటుండదు. మన పిల్లలు తడబడేది ఎక్కువగా అక్కడే. పాతికమంది కూర్చుని వాదించుకునే సెమినారు ఆ భాగానికి కోచింగ్ సెంటర్ కన్నా మేలు. కెమిస్ట్రీ మాత్రం మామూలు సెక్షన్లోనే చదవమని మా గుంటకి చెప్పాను. "అత్తా, అది చీటింగ్ లా లేదూ?" అంది. దానికి కెమిస్ట్రీ అంటే ప్రాణమైతే నేనే ఆనర్స్ సెక్షన్లో కూర్చోబెడుదును. దాని ప్రాణం బొమ్మలెయ్యడం మీద. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే ఏపీ (అడ్వాన్స్డ్ ప్లేస్మెంట్) క్లాసులు చదివాను కాబట్టి జనరల్ కెమిస్ట్రీ దాటేస్తానంది. అదీ చూసుకోవాలి, ఏపీ క్రెడిట్లని ఒప్పుకోని మెడికల్ కాలేజీలున్నాయి. అలాంటప్పుడు పై క్లాసులు చదివి చూపించాల్సి వస్తుంది.

ఆనర్స్ పిల్లలు రాసే పరిశోధన వ్యాసం, అదే థీసిస్ గురించి ఎవరూ చెప్పని సంగతొకటి ఉంది. దాన్ని నేను కేలండరు ముందేసుకుని వేళ్లు లెక్కపెట్టి పట్టుకున్నాను. నాలుగేళ్లయ్యాక విరామం లేకుండా నేరుగా ఎండీలో చేరాలంటే దరఖాస్తు పెట్టేది మూడో ఏడు అవగానే, ఆ ఎండాకాలంలో. ఆనర్స్ థీసిస్ పూర్తయ్యేది నాలుగో ఏడు చివర. అంటే బ్రోషర్లో బంగారు అక్షరాలతో వేసిన ఆ థీసిస్ దరఖాస్తు వెళ్లేనాటికి పుట్టనే పుట్టదు. కాబట్టి "థీసిస్ ఉందా" అని అడిగి లాభం లేదు. "రెండో ఏడులో ల్యాబులో చేరనిస్తారా, ఎండాకాలం పరిశోధనకి డబ్బిస్తారా" అని అడగాలి. అలా చేరితే దరఖాస్తు నాటికి ఏడాదిన్నర పని చూపించుకోవచ్చు, ఆ ప్రొఫెసరు ఉత్తరమూ ఇస్తాడు.

ఉత్తరాలే ఆనర్స్‌లో అసలు సొమ్ము. ఎక్కువ మెడికల్ కాలేజీలు ఇద్దరు సైన్సు ప్రొఫెసర్లవీ, సైన్సు కాని ఒకరిదీ అడుగుతాయి. మూడొందల మంది హాల్లో వెనక వరసలో కూర్చున్న పిల్ల గురించి ప్రొఫెసరు ఏం రాస్తాడు? నేనే ఒక్కో సెక్షన్లో ఎనభై మందికి చెప్పాను, ఆఖరి బెంచీ వాళ్ల ఇంటిపేర్లు నాకిప్పటికీ గుర్తు రావు. కొన్ని కాలేజీల్లో కమిటీ కలిసి ఒకే ఉత్తరం రాస్తుంది. ఆ కమిటీ అందరికీ రాస్తుందా, ఫలానా జీపీఏ దాటినవాళ్లకే రాస్తుందా అన్నది తప్పక అడగండి. "మా పిల్లల్లో 90 శాతం మందికి మెడికల్ సీట్లు" అని గొప్పగా చెప్పే చోట ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. బలహీనులని ముందే ఆపేస్తే శాతం దానంతటదే పెరుగుతుంది. మన ఊళ్లలో జూన్ నెల ఫ్లెక్సీల లెక్క మీకు కొత్తా!

క్లాసులకి ముందుగా పేరు నమోదు చేసుకునే హక్కు చిన్నదిగా కనిపిస్తుంది. చిన్నది కాదు. ఆర్గానిక్ కెమిస్ట్రీకి బాగా చెప్పే ప్రొఫెసరు సెక్షను నిమిషాల్లో నిండిపోతుందట. ఆనర్స్ పిల్లలకి అందరికన్నా ముందు అవకాశమిచ్చే చోటు అయితే దానికి రెండు టిక్కులు పెట్టాను. ఆనర్స్ హాస్టలుకి ఏ టిక్కూ పెట్టలేదు, ఫోటోల్లో అన్నీ బాగానే ఉంటాయి.

ఆసుపత్రి ఎంత దూరమో చూడండి. డాక్టర్ల వెంట తిరిగి చూడడం, రోగుల మధ్య వాలంటీరుగా పనిచేయడం లేకుండా దరఖాస్తు నిలబడదు. ఒక ఆనర్స్ కాలేజీ ఊరు చూడముచ్చటగా ఉంది, చుట్టూ జొన్నచేలు, పెద్దాసుపత్రి 40 మైళ్లు. మా గుంటకి కారు లేదు. ఇక్కడ నుంచి రాజాం వెళ్లొచ్చినంత పైన, రోజు విడిచి రోజు, ఎవరు తిప్పుతారు?

డబ్బు దగ్గర తమ్ముడూ నేనూ ఒక పూట మాట్లాడుకోలేదు. దూరంగా ఉన్న ప్రైవేటు యూనివర్సిటీ పేరు వాడికి తలకెక్కింది. నా లెక్క వేరు. డిగ్రీ తరవాత ఎండీ ఉంది. అప్పు చేసి ఎండీ చదివినవాళ్లకి మధ్యస్థంగా 2 లక్షల డాలర్ల దాకా చదువు అప్పు ఉంటుంది. దానికి తోడు 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థులకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లకి మించదు. పైది ప్రైవేటు బ్యాంకులో తేవాలి. ఉన్న డబ్బంతా డిగ్రీకే పోస్తే అసలు చదువుకి ఏం మిగులుతుంది? అప్పుడే ఇంకోటి కూడా చెప్పాను. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు సొంత రాష్ట్రం పిల్లలవైపే మొగ్గుతాయి. టెక్సస్‌లోనైతే బయటి రాష్ట్రాల వాళ్లకి పది శాతమే పరిమితి. వేరే రాష్ట్రంలో డిగ్రీ చదివినంత మాత్రాన అక్కడి స్థానికులైపోరు. మన లోకల్ నాన్ లోకల్ గొడవ అక్కడా ఉందన్నమాట.

ఇది చదివి ఇంటర్ అయిన పిల్లల్ని పంపుదామనుకునే మన జిల్లా వాళ్లకి ఒక్క మాట. మా గుంట అక్కడే పుట్టింది, పౌరసత్వం ఉంది. స్టూడెంట్ వీసా మీద వెళ్లిన పిల్లలని అమెరికా మెడికల్ కాలేజీల్లో చాలావరకు అసలు పరిశీలించనే పరిశీలించవు. గ్రీన్ కార్డో పౌరసత్వమో లేకుండా ప్రీ మెడ్ అని డిగ్రీలో చేర్పిస్తే నాలుగేళ్ల తరవాత తలుపు మూసి ఉంటుంది. అలాగే ఇంటర్ స్థాయి నుంచే ఎండీ సీటు పక్కా చేసే ఉమ్మడి కోర్సులు వేరే ఉన్నాయి, బ్రౌన్ యూనివర్సిటీలో ఎనిమిదేళ్లది, మిస్సోరి కాన్సస్ సిటీలో ఆరేళ్లది లాంటివి. ఆనర్స్‌ని వాటితో కలిపి చూడకండి. ఆనర్స్ ఏ మెడికల్ సీటుకీ హామీ కాదు.

ఏప్రిల్ 27న రిజిస్టరు పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. ఎక్కువ టిక్కులు పడింది ఇంటి పక్కనున్న రట్గర్స్ ఆనర్స్ కాలేజీకి. ఎడిసన్ నుంచి రారిటన్ నది దాటితే న్యూ బ్రన్స్‌విక్, మనం నాగావళి వంతెన దాటినట్టే. సొంత రాష్ట్రం ఫీజు. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఆసుపత్రి అదే ఊళ్లో, కాలేజ్ అవెన్యూ క్యాంపస్ నుంచి నడిచి వెళ్లొచ్చు. సైన్సు క్లాసులకి మాత్రం బస్సెక్కి నది అవతల బుష్ క్యాంపస్‌కి వెళ్లాలి. దానికి ఒక ఇంటూ పెట్టాను. తమ్ముడు పెద్దగా సంబరపడలేదు. "ఇంటి దగ్గరిదే అయిపోయిందప్పా" అన్నాడు. వాళ్లావిడకి సంతోషమే, ఆదివారాలు కూరలు పట్టుకెళ్లొచ్చని.

మొదటి ఏడు అయిపోవచ్చింది. కెమిస్ట్రీ మామూలు సెక్షన్లోనే చదివింది, 'ఏ' గ్రేడు వచ్చింది. సెమినారులో బీ ప్లస్ వచ్చిందని రెండు రోజులు అన్నం తినలేదట. పోయినవారం మళ్లీ పొద్దున్న ఆరుకి ఫోను. ఈసారి తమ్ముడు కాదు, అదే చేసింది. "అత్తా, ఆర్గానిక్‌లో నాకు కావలసిన సెక్షన్ దొరికింది. ఇంకా పదకొండే సీట్లున్నాయి తెలుసా?" అంది. ముగ్గు చెయ్యి చీరకి తుడుచుకుని లోపలికెళ్లి రిజిస్టరు తీశాను. ఆ గడిలో రెండు టిక్కులు అప్పటికే ఉన్నాయి, మూడోది కూడా పెట్టాను.