హోమ్ థియేటర్ బిగించడం ఎలా? సబ్‌ఊఫర్ దగ్గరే అసలు పని

సామాన్లకు లక్ష రూపాయలు పోసి, తీరా సినిమా పెట్టాక మాటలు వినపడక రిమోట్ పట్టుకుని కూర్చునే ఇళ్లు చాలా చూశాను. పోట్లాట రాగానే సౌండు తగ్గించడం, మాటలు రాగానే పెంచడం. బంధువులకూ స్నేహితులకూ ఇప్పటికి ఇరవై ఇళ్లలో బిగించాను. దాదాపు ప్రతిచోటా వస్తువులు మంచివే, వాటిని పెట్టిన చోట్లే తప్పు. అందులోనూ సబ్‌ఊఫర్‌ది, అంటే ‘ధుం’ అనే లోతైన ధ్వనిని (బేస్) ఇచ్చే పెట్టెది పెద్ద తప్పు.

కావలసినవి: 55 అంగుళాల టీవీ, 5.1 ఏవీ రిసీవర్ (ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌ఊఫర్‌కూ సౌండు పంచే పెట్టె), ఐదు స్పీకర్లు (ఎడమ, కుడి, సెంటర్, రెండు సరౌండ్), ఒక సబ్‌ఊఫర్, 16 గేజి అసలు రాగి తీగ, ఒక హెచ్‌డీఎంఐ కేబుల్, కొలత టేపు, ఒక సుద్దముక్క. అల్యూమినియానికి రాగి పూత పూసిన తీగ చవగ్గా ఇస్తామంటారు, తీసుకోవద్దు. సౌండ్‌బార్ జోలికి పోవద్దు. ఎడమ, కుడి స్పీకర్ల మధ్య దూరం లేకపోతే తెరకు తగిన సౌండు రాదు. పైకప్పు స్పీకర్లు కూడా ఇప్పుడే వద్దు. ఐదింటిని సరిగ్గా పెట్టడం వచ్చాక వాటి సంగతి చూడవచ్చు.

టీవీని సోఫాకు ఏడడుగుల దూరంలో, కూర్చున్నప్పుడు తెర మధ్యభాగం కళ్లకు ఎదురుగా ఉండేలా పెట్టండి. షోకేసు పైన, పైకప్పుకు ఆనించినట్టు తగిలిస్తే మూడు గంటల సినిమాకు మెడ పట్టేస్తుంది. ఎడమ స్పీకర్, కుడి స్పీకర్, మీ తల, ఈ మూడూ సమబాహు త్రిభుజంలా ఉండాలి. సెంటర్ స్పీకర్ టీవీ కిందే, అది ఉన్న షెల్ఫు అంచు దాకా ముందుకు జరిపి, ముఖం వైపు కాస్త ఎత్తి పెట్టాలి. మాటలు దాదాపు అన్నీ దానిలోంచే వస్తాయి. సరౌండ్ స్పీకర్లు సోఫాకు రెండు పక్కలా, కొంచెం వెనగ్గా, చెవికి ఒకటి రెండడుగుల ఎత్తులో ఉండాలి. పైకప్పు మూలల్లో కాదు.

తీగలు బిగించేటప్పుడు ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. ఒక్క స్పీకర్‌కు తిరగబడినా బేస్ పలచబడుతుంది. రిసీవర్ నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను టీవీలో ‘ఆర్క్’ లేదా ‘ఈఆర్క్’ అని రాసి ఉన్న సాకెట్‌లోనే పెట్టి, టీవీ సౌండ్ సెట్టింగుల్లో ‘బిట్‌స్ట్రీమ్’ ఎంచుకోండి. హాలు మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. మోత తిరిగి వస్తే సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి తివాచీ పరవండి, కిటికీలకు బరువైన కర్టెన్లు వేయండి. మన టైల్స్ హాళ్లకు ఈ రెండూ తప్పనిసరి.

ఇక సబ్‌ఊఫర్. ‘బేస్‌కు దిక్కు తెలియదు, ఎక్కడ పెట్టినా ఒకటే’ అని దుకాణాల్లో చెబుతారు. మొదటి సగమే నిజం. 80 హెర్ట్జ్ (సెకనుకు 80 కంపనాలు) కంటే కింది ధ్వని ఎటునుంచి వస్తోందో చెవి దాదాపు పట్టుకోలేదు. కానీ ఎంత గట్టిగా వస్తోందన్నది అడుగు అడుగుకీ మారిపోతుంది. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 28 అడుగులు. మీ హాలు పొడవు 14 అడుగులైతే అందులో సగం తరంగం సరిగ్గా ఇరుక్కుంటుంది. గోడల దగ్గర ఆ ధ్వని ఉబ్బిపోతుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. సోఫా నడిమధ్యలో ఉంటే మీకు ఆ ధ్వని అందదు. వెనక గోడకు ఆనించి ఉంటే అదొక్కటే మోగుతుంది. అందుకే సోఫాను గోడ నుంచి కనీసం రెండడుగులు ముందుకు లాగండి.

ఇప్పుడు సబ్‌ఊఫర్‌ను ఎత్తి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. అవును, సోఫా మీదే. బేస్ గిటార్ పైకీ కిందికీ నడిచే పాట ఒకటి పెట్టి మళ్లీ మళ్లీ వచ్చేలా ఉంచండి. ఒకే దెబ్బ కొట్టుకునే డ్రమ్ము పాట పనికిరాదు. ముందు గోడ పొడవునా, పక్క గోడల పొడవునా రెండేసి అడుగులకు సుద్దతో గుర్తు పెట్టండి. మోకాళ్ల మీద వంగి, తల నేలకు దగ్గరగా ఉంచి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో నిమిషం వినండి.

ఇక్కడే అందరూ పొరబడతారు. ఎక్కువ మోగే చోటు కోసం వెతకవద్దు. మూలలోనే ఎక్కువ మోగుతుంది, అందుకే అందరూ మూలకు తోస్తారు. అన్ని స్వరాలూ ఒకే బరువుతో, విడివిడిగా వినిపించే చోటు కావాలి. ఒక స్వరం ఉబ్బి, పక్క స్వరం సన్నబడితే ఆ గుర్తు కొట్టేయండి. అరగంట పట్టినా తొందరపడవద్దు. రెండు మూడు గుర్తులు మిగిలాక, సబ్‌ఊఫర్‌ను దింపి ఒక్కోదాని మీద పెట్టి, ఈసారి సోఫాలో కూర్చుని విని ఒకటి ఖాయం చేయండి. మీ చోట్లో సబ్‌ఊఫర్ పెట్టి మూలన విన్నా, మూలన పెట్టి మీ చోట్లో విన్నా బేస్ దాదాపు ఒకేలా అందుతుంది. ఈ పద్ధతికి ఆధారం అదే.

మా బావమరిది ఇంట్లో సబ్‌ఊఫర్‌ను టీవీ కింద చెక్క అరలో దాచారు. ఏ పాట పెట్టినా ఒకటే ‘ధుం’. బయటికి తీసి, ఎడమ గోడ వెంట మూలకు మూడడుగుల ఇవతల పెట్టాం. అదే పాటలో డగ్గా మీద అరచేయి జారినప్పుడు వచ్చే గమకం మొదటిసారి వినిపించింది. ఇల్లంతా ఒక్క నిమిషం మాట్లాడలేదు. కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

చోటు కుదిరాక సబ్‌ఊఫర్ వెనక ఉన్న క్రాసోవర్ మీటను (ఎంత ధ్వని దాకా సబ్‌ఊఫర్ పలకాలో చెప్పేది) ఎక్కువ వైపు చివరికంటా తిప్పి, వాల్యూమ్ సగంలో ఉంచండి. ఆ హద్దును తర్వాత రిసీవర్‌లో పెడతాం. సబ్‌ఊఫర్ ధ్వనిని మిగతా స్పీకర్లతో జత కలిపే ఫేజ్ మీటను 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి, సోఫాలో బేస్ నిండుగా వినిపించినదాన్ని ఉంచేయండి. తర్వాత రిసీవర్‌తో వచ్చిన మైకును స్టాండుకు బిగించి, సోఫాలో మీ చెవి ఎత్తులో పెట్టి, రిసీవర్ చేతే స్పీకర్ల దూరం, సౌండు కొలతలు తీయించండి. మైకును చేత్తో పట్టుకోకూడదు, సోఫా వీపు మీద పెట్టకూడదు. ఫ్యాను, ఏసీ ఆపండి. వంటింట్లో కుక్కర్ పొయ్యి మీద ఉంటే విజిల్స్ అయ్యేదాకా ఆగండి. సబ్‌ఊఫర్ దూరం మీ టేపు కొలత కంటే ఎక్కువ చూపిస్తే దిద్దవద్దు. దాని లోపలి సర్క్యూట్లలో జరిగే ఆలస్యాన్ని కూడా రిసీవర్ దూరంగానే లెక్కిస్తుంది.

కొలతలు అయ్యాక రిసీవర్ సెట్టింగుల్లో స్పీకర్లన్నిటినీ ‘స్మాల్’గా, క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్‌గా మార్చండి. అప్పుడు అంతకంటే కింది ధ్వని సబ్‌ఊఫర్‌కే వెళుతుంది. మీవి పెద్ద స్పీకర్లైనా సరే. మాటలు ఇంకా తేలకపోతే సెంటర్‌ను 2 డెసిబెల్స్ పెంచండి. టీవీలో ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టి, కదలికలను నునుపు చేసే సెట్టింగు ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను అది సీరియల్‌లా మార్చేస్తుంది.

ఫ్లాటులో ఉంటే సబ్‌ఊఫర్ కింద మందపాటి రబ్బరు మ్యాటు వేయండి. రాత్రి పది దాటాక రిసీవర్‌లో నైట్ మోడ్ పెట్టండి. పండక్కి హాలు సర్ది సోఫా జరిపితే మాత్రం మైకు కొలతలు మళ్లీ తీయాలి.