ఉల్లి వేరుకొనల మీద మూలికల కషాయం పరీక్షించే ముందు

కషాయంలో ఉంచిన ఉల్లి వేరుకొన కణాల్లో, మైక్రోస్కోపు కింద విరిగిన క్రోమోజోము కనిపించగానే 'ఈ మొక్కలో విషం ఉంది' అని రాసేయడం తేలిక. ఆ విరుపు కషాయం వల్ల వచ్చిందా, నిలవ ఉన్న ఫిక్సేటివ్ (కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపే ద్రావణం) వల్లా, స్లైడు నొక్కిన బొటనవేలి ఒత్తిడి వల్లా అని తేల్చుకోవడమే కష్టం. ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం ఉల్లిగడ్డలు కొనే ముందే ఈ సంగతులు చూసుకోవాలి.

ఉల్లి వేరు మీద ఈ పరీక్ష ఒక మందుమొక్క విషంతోనే మొదలైంది. 1938లో స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ ఉల్లి వేర్లను కాల్చిసిన్‌లో ఉంచి చూశారు. కాల్చిసిన్ ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకోగానే, విభజనలో క్రోమోజోములను లాగే కండె పోగులు అల్లుకోవు. క్రోమోజోములు రెండు ధ్రువాలకూ వెళ్లలేక కణంలో చెల్లాచెదురుగా మిగిలిపోతాయి. దీన్నే సి-మైటోసిస్ అంటారు. మన అడవినాభి దుంపలో, గింజల్లో ఉండేదీ కాల్చిసినే. బిళ్ళగన్నేరులోని విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ కూడా కండెనే దెబ్బతీస్తాయి.

అందుకే మొదటి జాగ్రత్త మీ ఒంటికి. అడవినాభి దుంపను పొడి చేసేటప్పుడు గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. ఇంటి మిక్సీలో వేయనే వద్దు. కాల్చిసిన్ కొద్దిగా కడుపులోకి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. పాజిటివ్ కంట్రోల్‌గా (తప్పక దెబ్బ చూపే పదార్థంగా, పోలిక కోసం) సోడియం అజైడ్ వాడేవాళ్లు దాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి దూరంగా, వేరే బల్ల మీద పెట్టుకోండి. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. అజైడ్‌ను సింకులో పోయకూడదు. లోహపు గొట్టాల్లో అది పేలుడు గుణం ఉన్న పదార్థంగా మారుతుంది.

ఉల్లిగడ్డలు అన్నీ ఒకే రకం, ఒకే కుప్ప, దాదాపు ఒకే సైజు ఉండాలి. కొత్తగా తవ్వి తెచ్చిన గడ్డ ఇంకా నిద్రావస్థలో ఉంటుంది, వేర్లు సరిగా వేయదు. మొలక రాకుండా మలేయిక్ హైడ్రజైడ్ కొట్టినవీ, రేడియేషన్ ఇచ్చినవీ పనికిరావు. అమ్మేవాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు కాబట్టి ఐదారు గడ్డలు తెచ్చి ముందుగా మామూలు నీళ్లలో వేర్లు వేయించి చూడండి. పై పొట్టు, ఎండిన పాత వేర్లు బ్లేడుతో గీకేటప్పుడు అడుగు చుట్టూ ఉన్న వేరు మొటిమల వలయానికి గాటు పడకూడదు. డిస్టిల్డ్ వాటరే మేలని చాలామంది అనుకుంటారు. దానిలో కాల్షియం ఉండదు. రోజుల తరబడి అందులోనే ఉంచితే వేరు దానంతట అదే దెబ్బతింటుంది. రాత్రంతా తెరిచి ఉంచి క్లోరిన్ పోగొట్టిన కుళాయి నీళ్లు మంచివి.

వేసవిలో ఏసీ లేని ల్యాబ్‌లో ఈ పని పెట్టుకోకండి. 20–25 డిగ్రీలు దాటి వేడెక్కితే కణవిభజన తీరు మారిపోతుంది, కషాయం పులుస్తుంది. అప్పుడు మీరు చూసేది మొక్క ప్రభావం కాదు, బాక్టీరియా ప్రభావం.

'10 గ్రాముల పొడి, 100 మిల్లీలీటర్ల నీళ్లు' అన్నంత మాత్రాన గాఢత తెలియదు. వడకట్టిన కషాయం 10 మిల్లీలీటర్లు ఆవిరి చేసి, మిగిలిన పొడిని తూచి లెక్క కట్టండి. కరక్కాయ లాంటి టానిన్లున్న కషాయాలకు సహజంగానే ఆమ్ల గుణం ఎక్కువ. కాబట్టి పీహెచ్ కొలిచి, అదే పీహెచ్‌కు తెచ్చిన నీళ్లతో, పోలిక కోసం ఒక కంట్రోల్ పెట్టాలి. మెథనాల్‌తో తీసిన సారమైతే మెథనాల్ పూర్తిగా పోవాలి. సారాన్ని కరిగించడానికి డీఎంఎస్‌ఓ అనే ద్రావకం వాడితే తుది ద్రావణంలో 1 శాతం దాటకుండా చూసి, దానికీ విడిగా కంట్రోల్ పెట్టాలి.

ఎక్కువమంది పొరపడేది గాఢతల ఎంపికలోనే. బాగా చిక్కటి కషాయంలో విభజన దాదాపు ఆగిపోతుంది. వెయ్యి కణాల్లో 12 మాత్రమే విభజనలో ఉండి, వాటిలో 3 వికృతంగా కనిపిస్తే 25 శాతం అని రాస్తారు. ఆ అంకెకు విలువ లేదు. ముందు 72 గంటల పాటు వేరు పొడవు మాత్రమే కొలిచి, పొడవు సగానికి తగ్గే గాఢత ఎంతో కనుక్కోండి. తర్వాత ఆ గాఢత, దానిలో సగం, దానికి రెట్టింపు తీసుకుంటే చాలు. ప్రతి గాఢతకూ 5 గడ్డలు పెట్టండి. నీళ్లలో వేర్లు 1–2 సెంటీమీటర్లు వచ్చాక కషాయంలోకి మార్చి 24 గంటలు ఉంచండి. ఉల్లి వేరు కణచక్రం ఆ వ్యవధిలో ఒకసారి పూర్తవుతుంది. ఇంకో సెట్టు గడ్డల్ని కషాయం తర్వాత మళ్లీ 24 గంటలు నీళ్లలో ఉంచితే దెబ్బ తాత్కాలికమో కాదో తెలుస్తుంది.

అన్ని వేర్లనూ ఒకే వేళకు, ఉదయం 8–10 గంటల మధ్య ఫిక్స్ చేయండి. మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం అప్పటికప్పుడు కలపాలి. నిలవ ఉంటే రెండూ కలిసి ఎస్టర్ అవుతాయి, ఫిక్సింగ్ చెడుతుంది, క్రోమోజోములు అంటుకుపోయినట్టు కనిపిస్తాయి. దాన్ని 'స్టికీనెస్' అని నమోదు చేసిన ప్రాజెక్టులకు కొదవ లేదు. తర్వాత వేరుకొనలను మెత్తబరిచే 1 నార్మల్ ఆమ్లానికి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 8.3 మిల్లీలీటర్లను నీళ్లలో పోసి 100 మిల్లీలీటర్లు చేయండి. ఆమ్లంలో నీళ్లు పోయకండి. ఆ ఆమ్లంలో వేరుకొనలను 60 డిగ్రీల దగ్గర 5–8 నిమిషాలు ఉంచితే చాలు. ఎక్కువైతే వేరుకొన గుజ్జయిపోయి రంగు పట్టదు.

2 శాతం అసిటోకార్మిన్ రంగు పట్టాక చివరి 1–2 మిల్లీమీటర్లే ముదురు ఎరుపులో కనిపిస్తాయి. అక్కడి వరకే కోసి, మిగతాది తీసేయండి. కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ వేసి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. కవర్‌స్లిప్ అర మిల్లీమీటరు పక్కకు జరిగినా క్రోమోజోములు సాగి, తెగి, నిజమైన ముక్కల్లాగే కనిపిస్తాయి. ఒక తేడా చూసుకోండి: ఒకే స్లైడులో కణాలన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటే అది వేలి తప్పు. అనాఫేజ్‌లో (క్రోమోజోములు రెండు వైపులకూ విడిపోయే దశలో) రెండు గుంపుల మధ్య సన్నని దారంలా వంతెన కనిపించి, చుట్టుపక్కల కణాలు గుండ్రంగా, చెదరకుండా ఉంటే అది లెక్కలోకి వస్తుంది.

లెక్కపెట్టే మనిషికి ఏ స్లైడు ఏ గాఢతదో తెలియకూడదు. మరొకరితో కోడ్ వేయించండి. గడ్డకు వెయ్యి చొప్పున గాఢతకు 5,000 కణాలు చూడాలి. క్రోమోజోము వికృతులను విభజనలో ఉన్న కణాలతో, మైక్రోన్యూక్లియస్‌లను (అసలు కేంద్రకం పక్కన విడిగా మిగిలిన చిన్న కేంద్రకాలను) మొత్తం కణాలతో భాగించాలి. ఈ రెండింటినీ కలిపి ఒకే శాతం చేయకండి.

ఫలితం ఎంత స్పష్టంగా వచ్చినా అది ఉల్లి కణానికి సంబంధించినదే. జీర్ణాశయం, కాలేయం దాటి వచ్చిన మందు కాదిది, నేరుగా వేరును ముంచిన సారం. 'ఈ మూలిక వాడకూడదు' అనీ, విభజన తగ్గింది కాబట్టి 'క్యాన్సర్ మందు దొరికింది' అనీ రాయకండి. ఇంకా పరీక్షలు అవసరమని మాత్రం రాయవచ్చు.

మిగిలిన గడ్డల్ని కూరకు, పశువులకు పోనివ్వకండి. కషాయం తగిలినవాటిని, పాజిటివ్ కంట్రోల్ గడ్డల్ని విడిగా మూటకట్టి, పేరు రాసి, ల్యాబ్ రసాయన వ్యర్థాలతో పంపండి.